మా మావ పింఛను లెక్క

మా మావ మెళియాపుట్టి మండలంలో ఒక పంచాయతీకి 2006 నుంచి 2011 దాకా సర్పంచి. మా అమ్మకు సొంత తమ్ముడు. ఏడో తరగతి దాకా చదివాడు. మా సవరపేటల్లో ఆ వయసు వాళ్లలో అది పెద్ద చదువే. కిందటేడు వానలు పడకముందు ఒకరోజు పొద్దున్నే మా బడి ముందు ఆటో దిగాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో ఆధార్ జెరాక్సు, రెండు ఫొటోలు, అప్పట్లో ఎన్నికల అధికారి ఇచ్చిన గెలుపు కాగితం.

“అల్లుడా, మాజీ సర్పంచులకి పింఛను వొచ్చిందట. ఫారం నింపాల. సికాకులం ఎల్లొద్దుము రా” అన్నాడు.

ఫారం అప్పటికే కొన్నాడు. ఎవడో మూడొందలకి అమ్మాడట. నాకు అనుమానమే గాని, ఆ గెలుపు కాగితాన్ని ఇన్నేళ్లూ మడత నలగకుండా దాచుకున్న మనిషితో ఏం అనగలం? ఒక సి.ఎల్. పెట్టి మర్నాడు బయల్దేరాను. మేం వెళ్లిన ఆఫీసులో గుమాస్తా ఫారం అటూ ఇటూ తిప్పి చూసి, ఇలాంటి పథకమేదీ లేదని చెప్పాడు. ఎవరమ్మారో అడిగి నవ్వాడు. పదకొండున్నరకల్లా మా పని అయిపోయింది, అంటే అవ్వలేదు.

మావ మెట్ల మీద కాసేపు కూర్చున్నాడు. తర్వాత, “ఎలాగూ వొచ్చేం గదా, కూర్మనాథుడి గుడి చూసి పోదుమా? చిన్నప్పుడు మా అయ్య చూపిస్తానన్నాడు, చూపించలేదు” అన్నాడు. శ్రీకాకుళం నుంచి శ్రీకూర్మం ఎంతో దూరం లేదు. గార మండలంలో సముద్రానికి దగ్గర్లో ఉంటుంది.

అక్కడికి వెళ్లిన వాళ్లంతా నక్షత్ర తాబేళ్లను చూస్తారు, పడమటి వైపు తిరిగిన దేవుణ్ణి చూస్తారు, రెండు ధ్వజస్తంభాలు ఎందుకున్నాయో అడుగుతారు. మా మావ మాత్రం స్తంభాల దగ్గర ఆగిపోయాడు. ఆ గుడి రాళ్ల మీద నూటికి పైగా శాసనాలున్నాయి. తెలుగులో ఉన్నవి, సంస్కృతంలో ఉన్నవి, రెండూ కలిసినవీ ఉన్నాయి. చాలావరకు కళింగ గాంగ రాజుల కాలానివి. దక్షిణ భారత శాసనాల అయిదో సంపుటంలో వాటి పాఠాలు అచ్చయ్యాయి. శక సంవత్సరం 1203, అంటే మన లెక్కలో 1281 నాటి నరహరితీర్థుల శాసనం వాటిలో పేరున్నది. నాకు పాత లిపి సరిగా రాదు. అక్షరం అక్షరం కూడబలుక్కుంటే అక్కడొక మాట ఇక్కడొక మాట చిక్కుతుంది. కాని వాటిలో ఏముంటుందో టీచరు ట్రైనింగు రోజుల నుంచీ తెలుసు. ఫలానావారు దేవుడి ముందు అఖండ దీపం పెట్టించారు, దానికి నెయ్యి తగ్గకుండా ఇన్ని ఆవులిచ్చారు, ఆ ఆవుల్ని ఫలానావాడు మేపి రోజూ ఇంత నెయ్యి పొయ్యాలి, ఇది ఆచంద్రార్కం, అంటే సూర్యుడూ చంద్రుడూ ఉన్నంత కాలం నడవాలి. దాదాపు ఇదే వరస.

నేను ఇది చెబితే మావ చాలాసేపు ఆ రాయినే చూశాడు.

“మరి నేను అమ్ముకున్న ఆవులు రెండూ ఏ రాతి మీద రాసేరు?” అన్నాడు.

సర్పంచిగా ఉన్నప్పుడు ఆవులమ్మిన సంగతి నాకు తెలుసు. మా పంచాయతీలో కొండ మీద నాలుగు సవరపేటలు, కింద పల్లంలో ఒక పెద్ద ఊరు ఉన్నాయి. పేటలకు రోడ్డు లేదు. మండలానికి పోవాలంటే దిగి నడిచి, ఆటో ఎక్కి, సాయంత్రం మళ్లీ ఎక్కాలి. మీటింగు ఉన్న రోజు కూలి లేదు. వచ్చిన ఇంజినీరుకు టీ, టిఫిను, ఒక్కోసారి కోడి. బిల్లు అవ్వకముందే మేస్త్రీకి అడ్వాన్సు. జీడి తోట తాకట్టు పడింది, ఆవులు పోయాయి. బోరు పడింది, రెండు పేటలకు సిమెంటు రోడ్డు పడింది. గౌరవ వేతనం అప్పుడు చాలా తక్కువ, అదీ నెలనెలా వచ్చేది కాదు. ఆయన అడిగిందీ మరీ ఎక్కువేం కాదు. దీపానికి ఎన్ని ఆవులు కావాలో ఎనిమిది వందల ఏళ్ల కిందటే లెక్క కట్టి రాతి మీద చెక్కారు. ఊరు ఎన్నుకున్న మనిషికి ఇవ్వాల్సింది ఎంతో లెక్క కట్టినవాళ్లెవరు?

ఆ రాత్రి నుంచి నేను ఆ లెక్క వెతకడం మొదలుపెట్టాను.

పాత కాలంలో ఊరి పెత్తనానికి జీతం ఉండేది కాదు, భూమి ఉండేది. గుడిలో పని చేసేవాడికి మాన్యం, కరణానికి మిరాశీ, ఊరి పనులు చేసేవాళ్లకు కల్లంలో గింజల వాటా ఉండేవి. కుంపిణీ దొరలు వచ్చాక ఈ మాన్యాలన్నిటినీ లెక్కలోకి తెచ్చారు. మద్రాసు రాజధానిలో 1858 తర్వాత నడిచిన ఇనాం కమిషన్ ఎవరి భూమి ఎందుకు ఇచ్చారో విచారించి పట్టాలు రాసింది. మెల్లగా కరణానికీ మునసబుకూ నగదు జీతం వచ్చింది. అయినా పదవి మాత్రం తండ్రి నుంచి కొడుక్కే. 1895లో మద్రాసులో చేసిన వంశపారంపర్య గ్రామోద్యోగాల చట్టం దాన్ని ఇంకా గట్టి చేసింది. అలాంటివాడికి పింఛనెందుకు? ముసలాడయ్యాక పుస్తకం కొడుకు చేతికొస్తుంది, ఇంట్లోకి రాబడి ఆగదు. 1984 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం ఆర్డినెన్సుతో ఆ పదవులన్నీ రద్దు చేసింది. వాళ్లు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు, 1985లో కోర్టు ప్రభుత్వం వైపే చెప్పింది. మా నాన్న తరానికి ఆ రోజు పండగే. కరణం రాసిందే భూమి, రాయకపోతే లేదు అన్న కాలం చూసినవాళ్లు వాళ్లు.

ఇక మా సవర ఊళ్లలో గొమాంగో ఉండేవాడు. ఊరి పెద్ద. బుయ్య పూజలు చూసుకునేవాడు. గొమాంగోకి జీతం లేదు, పట్టా లేదు. పండగలో మొదటి వాటా, పొడు కొట్టే రోజుల్లో ఊరి సాయం. మా తాత చెప్పిందింతే. ఊరు గౌరవించినంత కాలం ఉంటాడు. ఆ గౌరవం ఎంతటిదో తెలియాలంటే పొట్టసింగి కథ తెలియాలి. ఇప్పుడు ఒడిశా వైపు గుణుపురం కొండల్లో ఉంది ఆ ఊరు. 1864లో పోలీసులు ఒక గొమాంగోను అన్యాయంగా పట్టుకుపోతే సవరలు వెళ్లి విడిపించుకున్నారు. ఆ గొడవలో ఇన్‌స్పెక్టరూ నలుగురు కానిస్టేబుళ్లూ చనిపోయారు, ఠాణా తగలబడింది. తర్వాత అయిదుగురు సవరల్ని ఉరి తీశారు. ఇది బ్రిటిషువాళ్లు రాసుకున్న విశాఖపట్నం జిల్లా గెజెటీరులోనే ఉంది. మన పిల్లల చరిత్ర పుస్తకంలో లేదు. నేను ఏడో తరగతికి చెప్పేటప్పుడు చెబుతాను. ఎవరూ అడ్డం చెప్పలేదు ఇంతవరకు.

పింఛను అనే మాట మన ప్రాంతానికి మొదట ఎలా వచ్చిందో చూస్తే మనసుకి కొంచెం చేదుగా ఉంటుంది. చేసిన పనికి ఇచ్చే డబ్బుగా అది రాలేదు. విజయనగరం చిన్న విజయరామరాజు కుంపిణీకి కట్టాల్సిన పేష్కషు బాకీ పడ్డాడు. నెలకు 1,200 రూపాయలు ఇస్తాం, నువ్వు సంస్థానం వదిలి మచిలీపట్నం పోయి ఉండు అన్నారు దొరలు. ఆయన మచిలీపట్నం పోకుండా పద్మనాభం పోయాడు. 1794 జులై 10న అక్కడ జరిగిన యుద్ధంలో చనిపోయాడు. ఆయన పిల్లవాణ్ణి మక్కువ కొండల వైపు తీసుకుపోయి దాచారు. కొండ దొరలు అడ్డం నిలబడ్డాకే కుంపిణీ రాజీకి వచ్చి సంస్థానాన్ని చిన్నది చేసి ఆ కుర్రవాడికి ఇచ్చింది. ఆ 1,200 ఏ లెక్కన వచ్చింది? ఎన్నేళ్లు పాలించాడనా, ఎంత మంచి చేశాడనా? కాదు. ఎంతిస్తే నోరు మూసుకుని దూరంగా ఉంటాడు అన్న లెక్క అది. ఊరికి సేవ చేసినవాడికి ఇచ్చే పింఛను వేరు, అడ్డు తొలగడానికి ఇచ్చే పింఛను వేరు. మన దగ్గర రెండోదే ముందు పుట్టింది.

మన్యం నుంచి ఇంకొక మనిషి కథ చెప్పాలి. అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన గాం సోదరులు అందరికీ తెలుసు. అన్న గంటందొర ఊరి మునసబు పని చేసి ఆ పని పోగొట్టుకున్నవాడు, పోరాటంలో ప్రాణమే పోగొట్టుకున్నాడు. తమ్ముడు మల్లుదొర పట్టుబడి జైలు శిక్ష అనుభవించాడు. ఆ మల్లుదొరే 1952లో, దేశంలో జరిగిన మొదటి సాధారణ ఎన్నికల్లో, విశాఖపట్నం నుంచి స్వతంత్రుడిగా లోక్‌సభకు గెలిచాడు. అప్పుడు అది ఇద్దరు సభ్యుల నియోజకవర్గం. ఇంకో సీటు లంకా సుందరంది. బ్రిటిషువాళ్ల మీద బాణం ఎక్కుపెట్టిన చేత్తో మల్లుదొర పార్లమెంటు రిజిస్టర్లో సంతకం పెట్టాడు. 1957లో ఆయన పదవీకాలం అయిపోయింది. అప్పటికి మాజీ ఎంపీ పింఛను అనేది ఈ దేశంలో లేదు. ఎంపీల జీతభత్యాల చట్టం 1954లో వచ్చినా, దానిలో పింఛను చేర్చింది 1976లో.

ఆ మొదటి లెక్క ఇలా ఉండేది. అయిదేళ్లు చేసినవారికి నెలకు 300 రూపాయలు, ఆపైన ప్రతి ఏడాదికి 50, మొత్తం 500 దాటకూడదు. తర్వాత ఎన్నోసార్లు పెరిగింది. 500 హద్దు పోయింది, అయిదేళ్లు నిండాలన్న షరతూ పోయింది. 2018లో 25,000 అయింది. 2025 మార్చిలో ఇచ్చిన నోటిఫికేషను ప్రకారం, 2023 ఏప్రిల్ 1 నుంచి లెక్కకట్టి, నెలకు 31,000. అయిదేళ్లు దాటితే ఆపైన ప్రతి ఏడాదికి 2,500 కలుపుతారు. పదేళ్లు చేసిన ఎంపీకి 31,000కి అయిదు రెండున్నర వేలు కలిపితే 43,500. ఎప్పుడో దిగిపోయిన పాత సభ్యులకూ కొత్త రేటే. ఈ పింఛను తగదని ఒక సంస్థ సుప్రీంకోర్టుకు వెళితే, ఇవ్వాలా వద్దా, ఎంత అనేది పార్లమెంటు ఇష్టమని 2018 ఏప్రిల్‌లో కోర్టు ఆ కేసు కొట్టేసింది. మన ఎమ్మెల్యేలకు కూడా 1953 నాటి చట్టం కింద పింఛనుంది. తమ పింఛను చట్టాన్ని సవరించుకునేదీ వాళ్లే. నాలుగో తరగతి పిల్లాడి మార్కులు నాలుగో తరగతి పిల్లాడే వేసుకున్నట్టు అంటే కొంచెం మాట తూలినట్టవుతుందేమో గాని, నాకలాగే అనిపిస్తుంది.

ఇప్పుడు సర్పంచి దగ్గరికి వద్దాం. పంచాయతీరాజ్‌ను మొదలుపెట్టిన రాష్ట్రాల్లో రాజస్థాన్ తర్వాత మనదే, 1959లో. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24 నుంచి అమల్లోకి వచ్చింది. మర్నాటి ఏడాదే మన రాష్ట్ర పంచాయతీరాజ్ చట్టం వచ్చింది. ఎన్నికలు, రిజర్వేషన్లు, అయిదేళ్ల గడువు, ఆర్థిక సంఘం అన్నీ రాశారు. పదవి అయిపోయిన మనిషి గురించి మాత్రం ఏమీ రాయలేదు. పదవిలో ఉన్నప్పుడు ఇచ్చేదాన్ని కూడా జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. 2015 దాకా మన దగ్గర చిన్న పంచాయతీ సర్పంచికి నెలకు వెయ్యి, మేజరు పంచాయతీ అయితే పదిహేను వందలు. అప్పుడు మూడు వేలు చేశారు. ఎంపీటీసీకి మూడు వేలు, ఎంపీపీకీ జెడ్పీటీసీకీ ఆరు వేలు, జిల్లా పరిషత్ అధ్యక్షుడికి 40,000. తెలంగాణలో అదే ఏడాది సర్పంచికి అయిదు వేలు చేసి, 2021లో 6,500కి పెంచారు. వార్డు మెంబరు గురించి అడగకండి.

కాబట్టి సర్పంచి పింఛను ఎలా లెక్కిస్తారంటే, లెక్కించరు. మావ కొన్న ఫారానికి జవాబు అదే. అయినా నేను లెక్కల మేస్టర్ని కాబట్టి ఊరుకోలేక, వేరేవాళ్ల సూత్రాలు తెచ్చి మావకు వేసి చూశాను.

ఎంపీ జీతం ఇప్పుడు నెలకు 1,24,000. పింఛను 31,000. అంటే సరిగ్గా నాలుగో వంతు. 2018లోనూ అంతే, లక్ష జీతం, 25,000 పింఛను. ఆపైన ఏడాదికి కలిపే 2,500 అంటే జీతంలో నూటికి రెండు. ఇదే సూత్రం సర్పంచికి పెడితే, మూడు వేలలో నాలుగో వంతు 750. అయిదేళ్లు దాటితే ఏడాదికి ఇంకో అరవై. రెండు టర్ములు చేసినవాడికి 1,050.

ఇంగ్లండులో కౌన్సిలర్లకు 2003 నుంచి కొన్నాళ్లు పింఛను పథకం ఉండేది. అక్కడ సూత్రం వేరు. పదవిలో ఉన్న కాలమంతటికీ సగటు భత్యం తీసి, ఎన్నేళ్లు చేశాడో దానితో హెచ్చించి, ఎనభైతో భాగిస్తారు. అది ఏడాది పింఛను. కౌన్సిలరు కూడా తన భత్యంలోంచి చందా కట్టాలి. కౌన్సిలరు ప్రజాసేవకుడు గాని ఉద్యోగి కాదంటూ 2014లో అక్కడి ప్రభుత్వం ఆ పథకాన్ని మూసేసింది. ఆ సూత్రం మావకు పెడితే, ఏడాదికి 36,000, అయిదేళ్లు, ఎనభైతో భాగిస్తే 2,250. అదీ ఏడాదికి. నెలకు 187 రూపాయల 50 పైసలు.

ఈ లెక్కలు వేసి మావకు చూపిస్తే, “ఏడొందల ఏభై కోసరమా మనం సికాకులం ఎల్లింది?” అన్నాడు.

ఇక్కడే నాకు ఒక సంగతి అర్థమైంది. మన సంఘాలవాళ్లు మీటింగుల్లో మాజీ సర్పంచులకు పింఛనివ్వాలని తీర్మానం చేస్తుంటారు. నేనూ చప్పట్లు కొట్టినవాణ్ణే. కాని సూత్రం ఎంత మంచిదైనా, దేని మీద వేస్తున్నాం అన్నది చూడాలి. మూడు వేల మీద ఏ సూత్రం వేసినా చిల్లరే వస్తుంది. ఆ మూడు వేలు ఎక్కణ్ణించి వచ్చింది? ఎవరూ ఏ పనినీ కొలిచి తేల్చిన అంకె కాదది. వెయ్యి ఉన్నదాన్ని మూడు వేలు చేశారు, అంతే. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ దినకూలి 307 రూపాయలు. పది రోజుల కూలి 3,070. నెలలో పది రోజులు పంచాయతీ పని మీద తిరిగిన సర్పంచి కూలి కూడా గిట్టదు. పల్లంలో షావుకారుకి, కాంట్రాక్టరుకి ఆ పది రోజులు పెద్ద లెక్క కాదు. కొట్టు కొడుకు చూసుకుంటాడు. సవరవాడికీ జాతాపువాడికీ పది రోజులంటే పది రోజుల గంజి. గౌరవ వేతనం అనే మాట ఇంట్లో వేరే రాబడి ఉన్నవాణ్ణి మనసులో పెట్టుకుని పుట్టిన మాట. రిజర్వేషను పెట్టి మనల్ని ఆ కుర్చీలో కూర్చోబెట్టారు గాని, ఆ మాట మార్చలేదు. నెలకు 26 రోజుల ఉపాధి కూలిని ఆధారం చేసుకుంటే 7,982 అవుతుంది. దానిలో నాలుగో వంతు దాదాపు రెండు వేలు. అదే ఎంపీల సూత్రం, అదే నాలుగో వంతు. ఆధారం ఒక్కటి మారిస్తే 750 కాస్తా రెండు వేలకు వచ్చింది.

ఇంకొక చిక్కు ఉంది, ఇది నాకు తర్వాత తట్టింది. పింఛను సూత్రాలన్నీ ఎక్కువ ఏళ్లు చేసినవాడికి ఎక్కువ ఇస్తాయి. వినడానికి న్యాయమే. కాని మనవాళ్లకు ఎన్నేళ్లు దొరుకుతాయి? షెడ్యూల్డు ప్రాంతంలో 1996 పెసా చట్టం వల్ల సర్పంచి పదవులన్నీ గిరిజనులవే. సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం వైపు ఒకే మనిషి రెండోసారి, మూడోసారి నిలబడవచ్చు. మా మెళియాపుట్టి, మందస, పాతపట్నం వైపు కొండల్లో ఉన్న సవర ఊళ్లు అయిదో షెడ్యూలులో లేవు. షెడ్యూలులో చేర్చండని మా పెద్దల కాలం నుంచీ అడుగుతూనే ఉన్నాం. మాకు పెసా లేదు, 1/70 లేదు. మా లాంటి కలగలుపు పంచాయతీలో గిరిజన రిజర్వేషను ఒకసారి వస్తుంది, తర్వాత తిరిగిపోతుంది. మావ దిగాక వచ్చిన 2013 ఎన్నికల్లో ఆ సీటు వేరేవాళ్లకు పోయింది. మళ్లీ ఇంతవరకు రాలేదు. ఆడవాళ్ల సీట్లకూ ఇదే గతి. కాబట్టి రేపెప్పుడైనా ఏడాదికింత కలుపుతాం అనే సూత్రం వస్తే, అది రిజర్వేషను మీద ఒక్కసారి గెలిచిన మనిషికి ఎప్పుడూ అట్టడుగు రేటే ఇస్తుంది. టర్ముల్తో పని లేకుండా అందరికీ ఒకే అంకె ఉండాలని నేనంటాను. మా స్కూల్లో ఒక మిత్రుడు ఒప్పుకోడు. అలా అయితే అయిదేళ్లూ ఇంట్లో పడుకున్నవాడికీ అదే వస్తుంది కదా అంటాడు. నిజమే. ఎంపీలకు మాత్రం పడుకున్నదీ మేల్కొన్నదీ ఎవరు చూశారు?

ఖర్చు మాట కూడా చెప్పాలి, లేకపోతే ఏకపక్షం అవుతుంది. మన రాష్ట్రంలో 13 వేలకు పైగా పంచాయతీలున్నాయి. ఒక్క టర్ము సర్పంచులు 13 వేల మందికి నెలకు వెయ్యి ఇస్తే ఏడాదికి పదిహేను కోట్ల అరవై లక్షలు. 1995, 2001, 2006, 2013, 2021 ఎన్నికలవాళ్లందరినీ కలిపితే అయిదింతలు, పోయినవాళ్లను తీసేస్తే కొంత తగ్గుతుంది. వార్డు మెంబర్లను చేరిస్తే లెక్క లక్షల మందికి పోతుంది. చిన్న మొత్తం కాదు. అలాగని రాష్ట్రం మోయలేని మొత్తమూ కాదు. వయసు దాటాకే ఇస్తామంటే ఇంకా తగ్గుతుంది.

ఇదంతా రాస్తున్న నాకే పింఛను లేదు, అది వేరే కథ. 2004 సెప్టెంబరు 1 తర్వాత ఉద్యోగంలో చేరిన టీచర్లందరం సీపీఎస్ వాళ్లం. నెలనెలా జీతంలో పదో వంతు కోత పడుతుంది, చివర్లో మార్కెట్టు ఎంతిస్తే అంత. మా కంటే ముందు చేరిన మేస్టర్లకు 33 ఏళ్ల సర్వీసుకు ఆఖరి జీతంలో సగం వస్తుంది. ఒకే స్టాఫ్‌రూములో, ఒకే బల్ల దగ్గర రెండు రకాల ముసలితనాలు కూర్చుని ఉంటాయి. ఈ చికాకు ఉండబట్టే మావ లెక్క నన్ను ఇంత పట్టుకుందేమో.

మావకు నెలనెలా డబ్బు అసలే రాదనుకోకండి. అరవై దాటింది కాబట్టి వృద్ధాప్య పింఛను వస్తుంది. 2006లో 200 అయిన ఆ పింఛను 2014లో వెయ్యి, 2019 మొదట్లో రెండు వేలు, 2024 జనవరికి మూడు వేలు, అదే ఏడాది జులై నుంచి నాలుగు వేలు అయింది. ఒకటో తారీఖున సచివాలయం వాళ్లు ఇంటికొచ్చి వేలిముద్ర వేయించుకుని ఇస్తారు. నేను వేసిన ఏ సర్పంచి లెక్క కంటే అది ఎక్కువే. మరింకెందుకు బెంగ అని ఆ రోజు శ్రీకూర్మంలో నేనే అడిగాను. పుష్కరిణి గట్టు మీద కూర్చుని బొరుగులు తింటున్నాం.

“అది ముసిలోణ్ణయ్యేనని ఇస్తన్నారు అల్లుడా. ఎవులికైనా ఇస్తారు, ఇయ్యాల గూడా. నేను అడుగుతున్నది బోరేయించినందుకు” అన్నాడు.

శ్రీకూర్మం, సింహాచలం శాసనాల్లో ఇంకొక ఏర్పాటు కనిపిస్తుంది. గుడి భండారంలో మాడలు కట్టి, దానికి బదులు రోజూ ఇంత ప్రసాదం తనకు అందేలా నిబంధ రాయించుకోవడం. కట్టినవాడి పేరు, కట్టింది ఎంత, అందేది ఎంత, ఎన్నాళ్లు, అన్నీ రాతి మీద ఉంటాయి. మావకు ఇది బస్సులో చెప్పాను. ఆవులు రెండూ ఎంతకమ్మావు అని అడిగాను. ఒకటి ఆరు వేలు, చూలుది తొమ్మిది వేలు అన్నాడు. జీడి తోట తాకట్టు పన్నెండు వేలు, వడ్డీ వేరు. బోరుకు మేస్త్రీకిచ్చిన అడ్వాన్సులో తిరిగి రానిది నాలుగు వేల మూడొందలు. బొరుగుల పొట్లం కాగితం వెనక రాసుకుంటూ వచ్చాను. టెక్కలి దాటేసరికి కాగితం నిండిపోయింది, కవరులోంచి ఆ మూడొందల ఫారం తీసి దాని వెనక రాయడం మొదలుపెట్టాను. అయిదేళ్ల మీటింగులు ఎన్ని, ఎన్ని రోజుల కూలి పోయింది అన్న దగ్గర మావ చాలాసేపు ఆలోచించాడు. సగానికి సగం గుర్తు లేవన్నాడు. మినిట్సు పుస్తకం పంచాయతీ ఆఫీసులో ఉంటుంది, సోమవారం పోయి చూద్దామన్నాను.